డ్యాష్‌క్యామ్‌కి జలుబు చేసిందా?



డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్‌లో మా తార్నాకలో కార్లున్నవాళ్ళ నోట ఒక కొత్త ఫిర్యాదు వినబడుతుంది. కారు ముందు అద్దానికి అంటించుకున్న కెమెరా, అదే డ్యాష్‌క్యామ్, పొద్దున్నే మొరాయిస్తోందని. ఒకరికి తేదీ తప్పు చూపిస్తుంది. ఇంకొకరికి రికార్డింగ్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మరొకరు రాత్రి తీసిన వీడియో చూపించి, ఇందులో ఒక్క నెంబర్ ప్లేటైనా చదవగలరా అని నిలదీస్తారు. కారణం ఏమై ఉంటుందని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట: చలి.

నాకైతే ఈ కేసులో చలిని నిర్దోషిగా వదిలెయ్యాలనే అనిపిస్తుంది. పూర్తిగా కాకపోయినా, చాలామటుకు.

లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8న. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. ఇప్పుడు డ్యాష్‌క్యామ్ అట్టపెట్టె తిరగేసి చూస్తే, సున్నా నుంచో మైనస్ 10 నుంచో 60 డిగ్రీల దాకా పనిచేస్తుందని చాలావాటి మీద రాసి ఉంటుంది. అంటే మన ఊరి చలి, చరిత్రలోకెల్లా పెద్ద చలి కూడా, ఆ కింది గీత దాటలేదు. మరి పై గీత? మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. ముందు అద్దానికి అతుక్కుని నేరుగా ఎండ మొహం చూసే కెమెరా సంగతి చెప్పక్కర్లేదు. దెబ్బ తగిలేది మేలో, నొప్పి బయటపడేది డిసెంబర్లో. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

అసలు చలి అంటే కెమెరా కంటికి ఇష్టం. ఈ సంగతి ఉస్మానియా యూనివర్సిటీ ఖగోళ శాస్త్ర విభాగం వాళ్ళని అడిగినా చెబుతారు. ఫిసల్‌బండలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఈ యూనివర్సిటీ చేతికొచ్చింది. 1960ల చివర్లో ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కణ్ణుంచే చూశారు. నక్షత్రాలను ఫొటో తీసేవాళ్ళు తమ కెమెరా సెన్సర్‌ను కావాలని చల్లబరుస్తారు, పెద్ద అబ్జర్వేటరీల్లో ద్రవ నైట్రోజన్ వాడి మరీ. ఎందుకంటే వెలుతురు ఏమీ పడకపోయినా సెన్సర్ తన వేడికి తానే కాస్త కరెంటు పుట్టిస్తుంది. అదే చీకటి బొమ్మలో ఇసక చల్లినట్టు చుక్కలుగా కనిపిస్తుంది. సుమారు 6 నుంచి 8 డిగ్రీలు చల్లబడితే ఆ గోల సగానికి తగ్గుతుంది. కాబట్టి మే రాత్రి కన్నా జనవరి రాత్రి మీ కెమెరా బొమ్మ శుభ్రంగానే రావాలి.

ఇంకో సాక్ష్యం రష్యా నుంచి. 2013 ఫిబ్రవరి 15 పొద్దున చెల్యాబిన్‌స్క్ ఊరి మీద ఉల్క పేలింది. మనం టీవీల్లో చూసిన ఆ మంటల చార వీడియోలు చాలావరకూ కార్లలోని డ్యాష్‌క్యామ్‌లు తీసినవే. గడ్డకట్టే సైబీరియా అంచు చలి అది. ఆ వీడియోల ఆధారంగానే ఆ ఉల్క ఏ దారిన వచ్చిందో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అక్కడ పనిచేసిన కెమెరా మా హబ్సిగూడ చలికి చచ్చిపోయిందంటే నమ్మడం కష్టం.

అయితే మరి ఇక్కడ చచ్చిపోతున్నదేమిటి?

మా వీధిలో క్యాబ్ నడిపే కుర్రాడొకడు తన బాధ ఇలా చెప్పాడు: "పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగనే బంద్ అయితాంది సార్. మళ్ళ ఆన్ అయితది గానీ తారీఖు మొత్తం ఖరాబ్. ఎండెక్కినంక మంచిగనే నడుస్తది." రోగ లక్షణాలు ఇంత చక్కగా డాక్టరుకి కూడా ఎవరూ చెప్పరు. ఈ మూడు వాక్యాల్లో రెండు బ్యాటరీల కథ ఉంది.

మొదటిది కెమెరా పొట్టలో ఉండే చిన్న లిథియం బ్యాటరీ. కెమెరా నడిచేది దీనితో అనుకుంటారు చాలామంది. నడిచేది కారు కరెంటుతో. మనం తాళం తిప్పి బండి ఆపినప్పుడు, అప్పటిదాకా రాస్తున్న ఫైలును సరిగ్గా మూసిపెట్టడానికి కావలసిన కొన్ని సెకన్ల ఊపిరి ఈ బ్యాటరీ ఇస్తుందంతే. కొన్ని కెమెరాల్లో గడియారం ఆగకుండా చూసేదీ ఇదే. వేసవి వేడికి ఈ బ్యాటరీ లోపల రసాయనం పాడై, సత్తువ పోతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. సత్తువ ఉడిగిన బ్యాటరీలో లోపలి నిరోధం ఎక్కువ. చల్లబడినకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం 28 డిగ్రీల దగ్గర ఎలాగో నెట్టుకొచ్చే బ్యాటరీ, తెల్లారి 11 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తుంది. చలి చేసిన నేరం ఆ చివరి తోపు ఒక్కటే.

దీన్ని పట్టుకోవడం సులువు. బండి ఆపి ఉండగా కెమెరా వైరు పీకండి. రెండు మూడు సెకన్లు ఆగి, "సేవ్ చేస్తున్నాను" అన్నట్టు చిన్న చప్పుడు చేసి ఆరిపోతే ఆరోగ్యంగా ఉన్నట్టు. పీకిన క్షణమే తెర నల్లబడితే లోపలి బ్యాటరీ అయిపోయినట్టే. ఇలాంటి కెమెరాతో వచ్చే అసలు ప్రమాదం తేదీ తప్పడం కన్నా పెద్దది. గుద్దినప్పుడు కరెంటు తెగిందనుకోండి, గుద్దిన ఆ చివరి ముక్కే కార్డులోకి చేరదు. కెమెరాను చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడండి కూడా. వెనక మూత కాస్త పైకి లేచినట్టుంటే, తెర అంచు దగ్గర సందు కనిపిస్తుంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అప్పుడు గుచ్చడం, నొక్కడం, మళ్ళీ ఛార్జింగ్ పెట్టడం ఏవీ చెయ్యొద్దు. తీసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇచ్చెయ్యండి.

కొత్తది కొనేటప్పుడు, కోఠి గుజరాతీ గల్లీలో అయినా రాణిగంజ్‌లో అయినా, అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని మెగాపిక్సెళ్ళు అని కాదు. లోపల లిథియం బ్యాటరీయా, సూపర్ కెపాసిటరా అని. కెపాసిటర్‌లో రసాయన చర్య లేదు, కరెంటును అలాగే పట్టి ఉంచుతుంది. వేడినీ చలినీ రెండింటినీ లిథియం కన్నా బాగా ఓర్చుకుంటుంది. హైదరాబాద్ ఎండకు నా ఓటు కళ్ళు మూసుకుని కెపాసిటర్‌కే.

మా తార్నాక, హబ్సిగూడ వీధుల్లో ఇంటికొకరు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు గనక వాళ్ళకో మాట. మినియాపొలిస్‌లో, విన్నిపెగ్‌లో ఉన్నవాళ్ళు చలిని నిందిస్తే నేను ఒప్పుకుంటాను. సున్నా కిందకు దిగాక లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. బండి లోపల హీటరు కాస్త పట్టుకున్నాకే కెమెరా ఆన్ చెయ్యడం, రాత్రిపూట ఇంట్లోకి తెచ్చుకునేటట్టయితే జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి తేవడం మంచిది. లేకపోతే ఇంట్లోని వెచ్చటి గాలి తగిలి కెమెరా లోపలా బయటా చెమ్మ కమ్ముతుంది.

రెండో బ్యాటరీ కారుది. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది. 12 వోల్టులు ఉండాల్సింది క్షణంపాటు 10కో, అంతకన్నా కిందకో పడుతుంది. చల్లటి పొద్దున ఇంజనాయిల్ చిక్కగా ఉంటుంది, బ్యాటరీ మందంగా ఉంటుంది, కాబట్టి ఆ పడడం ఇంకా ఎక్కువ. పైగా చాలా కార్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు లైటర్ సాకెట్‌కి కరెంటు ఎలాగూ ఆపేస్తారు. కెమెరా ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. లోపలి బ్యాటరీ బాగుంటే ఈ కుదుపు తెలియదు, పోయి ఉంటే తేదీ కూడా కొట్టుకుపోతుంది. మా క్యాబ్ కుర్రాడి కథ ఇదే. అతనికి నేను చెప్పింది, ముందు కారు బ్యాటరీని పరీక్ష చేయించుకోమని. మూడు నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ అయితే డ్యాష్‌క్యామ్ మనకు ముందస్తు హెచ్చరిక ఇస్తోందనుకోవాలి.

కారు ఆపి ఉన్నప్పుడు కూడా కాపలా కాసే పార్కింగ్ మోడ్ వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. ఉస్మానియా క్యాంపస్‌కి పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళు చాలామంది తార్నాక నుంచో, విద్యానగర్ నుంచో, సీతాఫల్‌మండి నుంచో రెండు మూడు కిలోమీటర్లు కారులో వస్తారు. వచ్చి గంట నడిచి, మళ్ళీ రెండు కిలోమీటర్లు వెనక్కి. కాళ్ళకు వ్యాయామమే గానీ కారు బ్యాటరీకి అది ఉపవాసం. అంత కొంచెం దూరంలో ఆల్టర్నేటరు దాన్ని నింపలేదు, ఆపినంతసేపూ కెమెరా తాగుతూనే ఉంటుంది. ఫ్యూజు బాక్సు నుంచి కెమెరాకు వైరు లాగే కిట్‌లో, ఇన్ని వోల్టులకు పడితే ఆగిపో అని చెప్పే చిన్న స్విచ్ ఉంటుంది. అది 11.8 దగ్గర ఉంటే చలికాలం 12.2కో 12.4కో మార్చండి. 12.2 అంటేనే బ్యాటరీ సగం ఖాళీ అయినట్టు లెక్క. 11.8 దాకా తాగనిస్తే, ఆర్ట్స్ కాలేజీ ముందు కారు తోయడానికి తోటి నడక మిత్రుల్ని పిలవాల్సి వస్తుంది.

ఇక చలికాలపు అసలు దొంగ దగ్గరికి వద్దాం. అది అద్దం.

క్యాంపస్‌లో చెట్లు, ఖాళీ నేల ఎక్కువ. ఆకాశం తేటగా ఉన్న జనవరి రాత్రి నేలా, కార్లూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. కారు అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది. తార్నాక మెయిన్ రోడ్డు మీద పొడిగా ఉన్న అద్దం, ఇఫ్లూ యూనివర్సిటీ దాటి లోపలికి వచ్చి చెట్ల మధ్య హాస్టల్ దగ్గర రాత్రంతా నిలబెడితే తెల్లారేసరికి మంచుతో తడిసి ముద్దవుతుంది. బయటి మంచుకు వైపర్ చాలు. కానీ కెమెరా వైపర్ తుడిచే మేరలోనే ఉందా? మన కార్ డెకర్ షాపుల్లో కెమెరాను అద్దం పైఅంచుకు బాగా దగ్గరగా, అందంగా కనబడేచోట అంటించి పంపిస్తారు. వైపర్ అక్కడిదాకా రాదు. డ్రైవరుకు రోడ్డు అద్దంలా కనబడుతుంది, కెమెరాకు మాత్రం ఎండెక్కేదాకా పాలు పోసినట్టు తెలుపే. సాయంత్రం ఇంటికొచ్చి వీడియో చూసి కెమెరా పాడైందంటారు. ఒకసారి వైపర్ వేసి, తడిచార ఎక్కడిదాకా వచ్చిందో చూసి, ఆ గీతకు లోపల కెమెరా పెట్టించుకుంటే ఈ బాధ జన్మలో ఉండదు.

లోపలి మసక వేరే. తెల్లారగట్ట నలుగురు ఎక్కి అద్దాలన్నీ ఎత్తేసి మాట్లాడుకుంటూ పోతే వాళ్ళ ఊపిరిలోని తేమే అద్దం మీద పేరుకుంటుంది. చెయ్యి పెట్టి తుడవకండి, వేలి జిడ్డు అంటి రాత్రికి ఇంకో సమస్య తెస్తుంది. గాలి లోపలే తిరిగే బటన్ ఆపి, బయటి గాలి రానిచ్చి, గాలిని ముందు అద్దం మీదకు మళ్ళించి, చలిలో కూడా ఏసీ వెయ్యండి. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది. ఉష్ణోగ్రత మీట కాస్త వేడి వైపు తిప్పితే చల్లగానూ ఉండదు. రియర్ వ్యూ మిర్రర్ వెనకాల ప్లాస్టిక్ డిప్పలో కెమెరా దాక్కుని ఉంటే ఆ గాలి అక్కడికి చేరడానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆగాలి.

మసక అద్దం మీద కాకుండా లెన్సు లోపలే కనబడితే, అంటే ఎంత తుడిచినా పోకుండా మధ్యలో గుండ్రంగా ఉంటే, వానాకాలం తేమ లోపల చిక్కుకుందన్నమాట. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, గాలి చొరని డబ్బాలో రెండు రోజులు ఉంచండి.

ఇప్పుడు ఎవరూ అనుమానించని ఒక సంగతి. మన కార్లలో డ్యాష్‌బోర్డు మీద వినాయకుడో, వెంకన్నో, దర్గా నుంచి తెచ్చిన పచ్చగుడ్డో ఉంటుంది. పొద్దున్నే ఒక అగరుబత్తి వెలిగించి గుచ్చుతారు. పండగొస్తే సాంబ్రాణి. ఆ పొగ, దానికి తోడు ఎండకు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచే ఆవిరి, రెండూ కలిసి అద్దం లోపలివైపు పల్చటి జిడ్డు పొరగా పేరుకుంటాయి. పగలు కనబడదు. రాత్రి ఎదుటి బండి హైబీమ్ పడగానే ఆ పొర మొత్తం వెలిగి, వీడియో అంతా తెల్ల పొగలా అయిపోతుంది. అదే పొర మీద తేమ కూడా తొందరగా పడుతుంది. భక్తికి నేను అడ్డురాను. దేవుణ్ణి అక్కడే ఉంచి, అగరుబత్తి బండి బయట తిప్పి, వారానికోసారి అద్దం లోపలివైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. లెన్సుకు పొడి మైక్రోఫైబర్ సరిపోతుంది. మిలమిల మెరిసే లైటు దేవుడైతే మాత్రం రాత్రి ఆ లైటు ఆపండి. లేదంటే మీ వీడియోలో తార్నాక ఫ్లైఓవర్ మీద దేవుడు తేలుతూ కనిపిస్తాడు, అద్దంలో ప్రతిబింబం అన్నమాట. కెమెరా తెర కూడా అంతే, నిమిషం తర్వాత ఆరిపోయేలా పెట్టుకోండి.

అంటించే టేపు గురించి ఒక్క ముక్క. చల్లటి, చెమ్మ అద్దానికి టేపు పట్టదు. మధ్యాహ్నం రెండింటికి, అద్దం వెచ్చగా పొడిగా ఉన్నప్పుడు అంటించి, ఒకటి రెండు రోజులు కెమెరా బరువు మోపకుండా వదిలెయ్యండి.

రాత్రి సంగతికొస్తాను. చలి మాఫీ అయినా చీకటి మాఫీ కాదు. ఇక్కడ కెమెరా నిజంగానే ఓడిపోతుంది, ఎందుకు ఓడిపోతుందో తెలిస్తే కొంత గెలిపించవచ్చు.

నిజామియా అబ్జర్వేటరీలో వెనకటివాళ్ళు గాజు పలకల మీద నక్షత్రాల ఫొటోలు తీసేటప్పుడు షట్టర్ నిమిషాల తరబడి తెరిచి ఉంచేవారు. నక్షత్రంతోపాటే టెలిస్కోపు కూడా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి చెల్లింది. డ్యాష్‌క్యామ్‌కు ఆ తీరిక లేదు. సెకనుకు 30 బొమ్మలు తియ్యాలి, కాబట్టి ఎంత చీకటైనా ఒక్కో బొమ్మకు దొరికేది మహా అయితే సెకనులో 30వ వంతు. మిట్టమధ్యాహ్నం వెయ్యో వంతులో పని ముగిస్తుంది. మీ ముందునుంచి అడ్డంగా ఒక బైకు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయిందనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. పగటి వెయ్యో వంతులో అది కదిలేది ఒక్క సెంటీమీటరు. రాత్రి 30వ వంతులో 33 సెంటీమీటర్లు. బైకు వెనక నెంబర్ ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లే. ప్లేటు కన్నా దాని జాడే పొడుగు! ఇక అక్షరాలెక్కడివి? ఏ కంపెనీ ఎంత గొప్ప సెన్సర్ పెట్టినా ఈ లెక్కను పూర్తిగా తప్పించలేదు, తగ్గించగలదంతే.

అందుకే రాత్రి వీడియో మసగ్గా ఉందని కెమెరా విసిరేసేముందు ఒక పరీక్ష చెయ్యండి. రాత్రిపూట ఆగి ఉన్న కారు వెనక మూడు నాలుగు మీటర్ల దూరంలో మీ కారు ఆపి, లో బీమ్ వేసి ఒక నిమిషం రికార్డు చెయ్యండి. ఆ ప్లేటు చక్కగా చదవగలిగితే లెన్సు బాగున్నట్టు, మసక అంతా కదలికదే. ఆగి ఉన్నదీ మసగ్గానే ఉండి, పగటి వీడియోలో కూడా అంచులు పదునుగా లేకపోతే, వేసవిలో వేడికి లెన్సు జిగురు మెత్తబడి ఫోకస్ జరిగిపోయి ఉంటుంది. మళ్ళీ మే నెల నేరమే చూడండి. అది ఇంట్లో బాగయ్యేది కాదు.

ప్లేటు మసగ్గా కాకుండా తెల్లటి రేకులా వెలిగిపోతుంటే కథ వేరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేట్లు మన హెడ్‌లైటు వెలుగును నేరుగా మనవైపే తిప్పి కొడతాయి. చుట్టూ చీకటి చూసి కెమెరా వెలుతురు పెంచుకుంటుంది, ఆ పెంపుకు ప్లేటు మాడిపోతుంది. సెట్టింగుల్లో ఎక్స్‌పోజర్ అనేది ఉంటుంది, దాన్ని మైనస్ మూడో వంతుకో, మూడింట రెండు వంతులకో దించండి. బొమ్మ మొత్తం కాస్త నల్లబడుతుంది, ప్లేటు బతుకుతుంది. కెమెరా మొహం ఆకాశం వైపు ఎక్కువ తిరిగి ఉన్నా గొడవే. తార్నాక మెట్రో స్టేషన్ లైట్లు, హోర్డింగులు కళ్ళల్లో పడి కెమెరా రోడ్డును చీకటి చేసేస్తుంది. ఫ్రేములో ఆకాశం మూడో వంతు మించకుండా వంచండి. హెచ్‌డీఆర్ అనేది రెండు మూడు బొమ్మల్ని కలిపి ఒకటి చేసే పద్ధతి. కొన్ని కెమెరాల్లో రాత్రి కదిలే ప్లేటు మీద అంకెలు రెండేసి కనబడడానికి కారణం అదే. ఒక రాత్రి వేసి, ఒక రాత్రి తీసి పోల్చి చూసుకోండి. పగలు అద్దం మెరుపు పోవడానికి లెన్సు ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టరు రాత్రి సగానికి పైగా వెలుతురు మింగేస్తుంది. చీకటి పడగానే తియ్యాలి, చాలామంది తియ్యరు.

ఇన్ని చేసినా ఎదురుగా వచ్చి రయ్యిన పోయే బండి నెంబరు రాత్రి దొరకదు. దానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. డ్యాష్‌క్యామ్‌కు మైకు ఉంది. మీ కంటికి కనబడిన నెంబరును వెంటనే గట్టిగా పైకి చదవండి: టీజీ, ఫలానా ఫలానా, ఎర్ర రంగు కారు, హబ్సిగూడ వైపు వెళ్ళింది అని. మన కన్ను ఇంకా కెమెరా కన్నా గొప్పదే. మైకు ఆన్‌లో ఉంటే మాత్రం బండెక్కినవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. క్యాబ్‌వాళ్ళయితే మర్యాద మాత్రమే కాదు, అవసరం.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన కెమెరాలతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. వీధి దీపాల కింద వీడియోలో నల్లటి పట్టీలు పైకీ కిందకీ పాకుతుంటాయి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మన దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, కన్ను పట్టుకోదు, 60కి పెట్టిన కెమెరా పట్టుకుంటుంది. సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీ 50 చెయ్యండి, పట్టీలు తగ్గుతాయి. ఎల్ఈడీ సిగ్నల్ లైట్లు కొన్నిసార్లు వీడియోలో ఆరిపోయినట్టే కనబడడం కూడా ఈ మిణుకు వల్లే. ఎర్ర లైటు ఉందా లేదా అని తగాదా వస్తే ఒక్క బొమ్మ చూసి తేల్చకండి, ముందూ వెనకా పది సెకన్లు చూడండి. ఈ కెమెరాల్లో టైమ్‌జోన్ కూడా మార్చాలి, 5 కాదు, 5 గంటల 30 నిమిషాలు. జీపీఎస్ ఉంది కదా, అదే సరిచేసుకుంటుందిలే అనుకోవద్దు. జీపీఎస్ ఇచ్చేది గ్రీన్‌విచ్ సమయం, మన ఐదున్నర గంటలు మనమే కలపాలి.

"కార్డు నిండిపోయింది" అన్న సందేశం గురించి కూడా ఒక మాట. మామూలుగా పాత వీడియో చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది. కానీ కుదుపు తగిలిందంటే ప్రమాదం అనుకుని ఆ ముక్కకు తాళం వేసి చెరపకుండా దాస్తుంది. క్యాంపస్ రోడ్ల మీద ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో మీకు చెప్పాలా? ఎన్‌సీసీ గేటు నుంచి తార్నాక వచ్చేసరికి కెమెరా ఎన్నో ప్రమాదాలు దాచుకుంటుంది, అన్నీ స్పీడ్ బ్రేకర్లే. ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 7 జీబీ తింటుంది. 64 జీబీ కార్డులో ఉండేదే 9 గంటల చోటు, అందులో సగం తాళాలకే పోతుంది. కుదుపును పసిగట్టే సెన్సిటివిటీని "తక్కువ"కు పెట్టి, నెలకోసారి కెమెరాలోనే కార్డును ఫార్మాట్ చెయ్యండి. ఫోనుకు వాడి పక్కన పడేసిన కార్డు వద్దు. పదే పదే రాయడానికి చేసిన ఎండ్యూరెన్స్ కార్డులని దొరుకుతాయి, అవి కొనండి.

చివరిగా, నిజంగా ఏదైనా జరిగితే. ముందు కెమెరా ఆపి కార్డు తియ్యండి, లేకపోతే దాని మీదే కొత్తది రాసేస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాపీని ఆధారంగా నమ్ముకోకండి, అది వీడియోను నొక్కి చిన్నది చేస్తుంది, ఫైలు వివరాలు పోతాయి. అసలు ఫైలును కంప్యూటర్లోకి కాపీ చేసి, కార్డును విడిగా దాచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టేటప్పుడు ఒక సర్టిఫికెట్ జతచెయ్యాలి. దాంట్లో రెండు భాగాలుంటాయి. ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ అందులో రాయాలి. కెమెరా గడియారం తప్పుగా ఉందని అప్పటికే తెలిస్తే, దాన్ని సరిదిద్దకుండా, ఫోను గడియారం పక్కన పెట్టి రెండూ కనబడేలా ఒక ఫొటో తియ్యండి. ఎంత తేడా ఉందో ఆ ఫొటో చెబుతుంది. వకీలుకి కార్డుతోపాటు ఆ ఫొటో కూడా ఇవ్వండి.